రెండు బీడీల దూరం

కర్నూలు బళ్లారి చౌరస్తా కాడ
బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు కోసేది నేనే.
లోపలి జాలీ పీకి, పైపు పొట్టిచేసి
ఇంకా మీసం మొలవని పిల్లోళ్లకు
ఉరుమును కిస్తీల మీద అమ్ముతాను.
వాళ్లకు శబ్దమే వేగం.
కాదని తెలుసు, చెప్పను.
వెల్డింగు రాడ్లకు దుడ్లు కావల్ల కదా.

మైలపల్లి గరగయ్య ఇంజన్ను
నందికొట్కూరు బస్సులో తెచ్చినాడు,
పెండ్లాం పాత చీరలో చుట్టి,
దానికీ ఒక టికెట్ కొట్టిచ్చి.
పడవ వెనక తగిలించే ఫోర్ స్ట్రోక్.
పొడుగు కాలు, కాలి కొసన మూడు రెక్కల ఫ్యాను.
పొగ ఆ కాలిలోంచే దిగి నీళ్లల్లో కలుస్తుంది.

"పీక నీటిలో ముంచీసి పరిగెట్టమంటే
ఏటి పరిగెడతాది బావూ?
పొగని పైకి తీసీ. బలం తన్నుకొస్తాది."

శ్రీకాకుళం సముద్రం వదిలి
శ్రీశైలం వెనక నీళ్లకు వలలతో వచ్చిన మనిషి.
ముచ్చుమర్రి కాడ టార్పాలిన్ గుడిసె.
అయిసు లారీ ఆరున్నరకు కదులుతుంది.
అది పోయినాక చేపకు రేటుండదు, వాసనే.
అవతలి గట్టు నుంచి ఇవతలికి రెండు బీడీలు.
దాన్ని ఒకటిన్నర చేయాలంట.

నాలుగు స్ట్రోకుల లెక్క వేరే.
పోయే పొగ ఊరికే పోదు,
వెనక ఒక ఖాళీని లాక్కుంటూ పోతుంది.
ఆ ఖాళీయే వాల్వు కాడ నిలబడి
కొత్త గాలిని లోపలికి పిలుస్తుంది.
పైపు కొలత తప్పితే
పిలిచినోడు వీధి మలుపు తిరిగినాక
తలుపు తెరుచుకుంటుంది.

ఇదంతా తెలిసీ కోసినాను.
పడవ ఇంజను ముట్టడం అదే మొదలు.
చేతుల దురద.

తెల్లారుజామున నీళ్లల్లోకి దింపినాము.
తాడు లాగినాడు.
కొంగలు లేచినాయి, కుక్కలు లేచినాయి,
నల్లమల ఆ మోతను విని, నమ్మక
మళ్లీ మాకే తిప్పి పంపింది.
గరగయ్య ముఖంలో పదేండ్ల పిల్లోడు.
ఏదో అరుస్తున్నాడు, పండ్లు మాత్రం కనపడతాన్నాయి.
నేను వాని బీడీ చూస్తా ఉన్నాను.
ఒకటి అయిపోయింది.
రెండోది అయిపోయింది.
మూడోది అంటించినాడు, చూసుకోకుండానే.

గట్టున ఎర్రమ్మ వల విదిలిస్తాంది.
"గాలిలో ఎల్లిపోయాం సూసినావేటే?" అన్నాడు.
"ఇన్నాను. ఆ సప్పుడు ఇంటూ ఇంటూ
బియ్యం కడిగి, ఎసట్లో పోసి, గంజి వార్చీసినాను.
మీరింకా వస్తనే ఉన్నారు."

ఎవరం మాట్లాడలేదు.
ప్లగ్గు విప్పితే మొన సున్నం పూసినట్టు తెలుపు.
గాలి ఎక్కువై, పెట్రోలు అందక
కాలిపోతూ అరిచింది, పాపం.

కోసిన చోటే మళ్లీ అతికించినాను.
మచ్చ పడింది, అది పోదు.
పొగదారిలో పేరుకున్న మసి గీకినాను,
జెట్టు సన్నతీగతో పొడిచినాను.
మునిగిన ఊరి గోడ ఏదో తగిలి
ఒక రెక్క వంగి ఉండాది,
దాన్ని ఆకురాయితో సరిచేసే సరికి పొద్దుగూకింది.
అసలు జబ్బు అక్కడే ఉన్నట్టుంది.
ముందే ఎవరూ కిందికి వంగి చూడలేదు,
నాతో సహా.

ఈసారి మోత లేదు.
నీళ్ల కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టు గుడగుడ, అంతే.
గట్టు తగిలేటప్పటికి రెండో బీడీ
పావువంతు మిగిలింది.
గరగయ్య దాన్ని పడెయ్యలేదు,
ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

కూలీ కింద మూడు కిలోల బొచ్చె చేప ఇచ్చినాడు.
బస్సులో దానికి టికెట్ అడగలేదు.

అంగడి తీసేసరికి కొత్త బుల్లెట్ నిలబెట్టి ఒక పిల్లోడు,
"అన్నా, జాలీ తీసెయ్."
"రోజూ యాడికి పోతావురా?"
"రాజ్‌విహార్ దాకా."
బ్లేడు చేతిలోకి తీసుకున్నాను.
చేతులింకా చేప వాసన.